అమ్మానాన్నలతో బోడెన్‌సే ఒడ్డున వారం రోజులు: ఎక్కడికీ పరుగెత్తకుండా

జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో ఉంటున్నామని, ఆగస్టులో అమ్మానాన్న వస్తున్నారని, అమ్మగారికి మోకాళ్ళ నొప్పులని రాశారు. చేతిలో వారం సెలవుంది. స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, ఇటలీ మూడూ చుట్టబెట్టాలా, లేకపోతే జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల మధ్య ఉండే బోడెన్‌సే సరస్సు దగ్గర ఒకేచోట ఉండిపోవాలా, ఉంటే పెద్దవాళ్ళకి బోరు కొట్టదా అన్నది మీ ప్రశ్న.

ఒకేచోట ఉండండి. రెండూ చేసి చూసినవాడిగా చెబుతున్నాను.

2014లో మావాళ్ళు మొదటిసారి వచ్చినప్పుడు తొమ్మిది రోజుల్లో పారిస్, బ్రసెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్ తిప్పాను. ఎక్సెల్ షీట్‌లో గంటల లెక్కన ప్లాన్. రోజూ పొద్దున్నే పెట్టె సర్దడం, సాయంత్రం ఇంకో ఊళ్ళో పెట్టె విప్పడం. ఊరెళ్ళాక చుట్టాలెవరో ఐఫిల్ టవర్ ఎలా ఉందని అడిగితే మా నాన్న "పెద్ద క్యూ అమ్మా" అన్నాడట. నాలుగు దేశాల ఖర్చుకి మిగిలింది ఆ మాట.

2018 ఆగస్టులో మళ్ళీ వచ్చినప్పుడు ఎనిమిది రోజులూ హాగ్నవ్‌లోనే ఉన్నాం. బోడెన్‌సే ఉత్తరపు ఒడ్డున మేర్స్‌బుర్గ్ పక్కన ఉండే చిన్న ఊరు. చుట్టూ ద్రాక్షతోటలు, ఆపిల్ తోటలు, ముందు నీళ్ళు. ఎదుటి ఒడ్డు స్విట్జర్లాండ్, దాని వెనక జెంటిస్ కొండ. ఆ కొండ కూడా రోజూ కనపడదు. ఎండగా ఉన్నా మసకలో దాక్కుంటుంది, వాన వెలిసిన పొద్దున మాత్రం చెయ్యి చాస్తే అందేలా ఉంటుంది.

మా నాన్న నాగార్జునసాగర్ కుడి కాలువ మీద లస్కరుగా, అంటే కాలువ గేట్లు, నీళ్ళు చూసుకునే మనిషిగా పనిచేసి రిటైరయ్యాడు. నీళ్ళు కనిపిస్తే ఆయన అందం చూడడు, లెక్క చూస్తాడు. మొదటి సాయంత్రం రేవు దగ్గర బెంచీ మీద కూర్చుని చాలాసేపు అటూ ఇటూ చూసి అడిగిన మొదటి ప్రశ్న, "గేట్లెక్కడున్నాయి రా?"

గేట్లు లేవు. నాన్న నమ్మలేదు. ఇంత నీటిని ఎవరూ పట్టి ఉంచకుండా ఎలా ఉందని ఆయన అనుమానం. ఆ రాత్రి కూర్చుని నాకు తెలిసినదంతా చెప్పాను. రైన్ నది తూర్పున ఆస్ట్రియా వైపు లోపలికి వస్తుంది, పడమర కోన్‌స్టాంజ్ దగ్గర కింది సరస్సులోకి దిగి అక్కడినుంచి బయటికి పోతుంది. పోయే దారిలో ఆనకట్ట లేదు. ఆల్ప్స్ మంచు కరిగే కొద్దీ నీళ్ళు పెరిగి జూన్, జులైలలో నిండుగా ఉంటాయి. చలికాలం చివర్లో బాగా తగ్గుతాయి. మధ్యలో తేడా మామూలుగా మీటరున్నర, ఆ పైన. మనకి వానలు పడ్డాక ప్రాజెక్టులు నిండుతాయి, వీళ్ళకి ఎండలు ముదిరితే నిండుతుంది. "తిరకాసు లోకం" అన్నాడు నాన్న, కాని మొహంలో సంతోషం దాగలేదు.

మరునాడు పొద్దున్నే లేచిపోయి రేవు కర్రల మీద నాచు గీత చూసి వచ్చాడు. "ఈ యేడు నీళ్ళు తక్కువ, ఇక్కడిదాకా ఉండాల్సినవి" అని మోచేతిదాకా చెయ్యి పెట్టి చూపించాడు. నిజమే. 2018 ఎండాకాలం ఐరోపాలో బాగా ఎండ కాసి, వానలు లేక, సరస్సు మట్టం చాలా కిందికి పోయింది. పేపర్లో చదివిన నాకన్నా ముందు ఆయన కర్ర చూసి చెప్పాడు.

తర్వాత లోతు సంగతి. సరస్సు వైశాల్యం 536 చదరపు కిలోమీటర్లు, సాగర్ జలాశయానికి రెండింతలకి కాస్త తక్కువ. గరిష్ఠ లోతు 251 మీటర్లు. సాగర్ డ్యాం ఎత్తు 124 మీటర్లు. నాన్న మనసులో లెక్క కట్టుకుని, "ఒక డ్యాం మీద ఇంకో డ్యాం నిలబెట్టినా మునిగిపోయి పైన మూడు మీటర్ల నీళ్ళుంటాయి" అన్నాడు. ఆ వారంలో ఈ మాట ఫోన్లో కనీసం పదిమందికి చెప్పి ఉంటాడు.

మీరు స్టుట్‌గార్ట్‌లో ఉన్నారు కాబట్టి ఇంకోటి చెప్పాలి. మీ నాన్నగారికీ చెప్పండి, పనికొస్తుంది. స్టుట్‌గార్ట్‌లో చాలా ఇళ్ళ కుళాయిల్లో వచ్చేది ఈ సరస్సు నీళ్ళే. జిప్లింగెన్ అనే ఊరి దగ్గర దాదాపు 60 మీటర్ల లోతునుంచి తోడి, పక్కనున్న కొండ మీదికి 300 మీటర్లకు పైగా ఎత్తి, అక్కడ ఓజోన్‌తో, ఇసుక ఫిల్టర్లతో శుద్ధి చేసి పైపుల్లో ఉత్తరానికి పంపుతారు. 1958 నుంచి ఇలా నడుస్తోంది. ఇప్పుడు దాదాపు 40 లక్షలమంది తాగుతున్నారు. ఇంతమంది తాగితే సరస్సు తరిగిపోదా అని నాన్న అడిగాడు. తోడే నీళ్ళకంటే ఎండకి ఆవిరైపోయేవే ఎక్కువ. ఆ లోతులో నీరు ఏడాదంతా ఫ్రిజ్‌లో పెట్టినంత చల్లగా ఉంటుంది. జిప్లింగెన్‌కి బస్సులో తీసుకెళ్తే బయటినుంచే కొండని చూసి వచ్చాడు. అమ్మ రానంది. "నీళ్ళ ట్యాంకు చూడటానికి ఇంత దూరం రావాలా" అని ఇంట్లో వంట మొదలుపెట్టింది.

వంట అన్నాను కదా, అసలు విషయం అదే. హోటల్ వద్దు, వంటగది ఉన్న సెలవు ఇల్లు తీసుకోండి. జర్మన్‌లో ఫేరియన్‌వోనుంగ్ అంటారు. ఆగస్టులో చాలాచోట్ల శనివారం నుంచి శనివారం దాకా వారానికి తక్కువ ఇవ్వరు, మీకదే మంచిది. అడగాల్సిన ప్రశ్నలు మూడే. ఇల్లు కిందంతస్తులో ఉందా, లేక మెట్లెక్కాలా? రేవుకి, బస్టాపుకి చదునుగా నడిచి వెళ్ళొచ్చా? వంటగదికి తలుపు ఉందా? మూడోది ఎందుకంటే మేం దిగిన ఇంట్లో వంటగది హాల్లోనే ఉండేది. రెండోరోజు అమ్మ పప్పులోకి ఎండుమిర్చి తాలింపు పెట్టగానే పొగ అలారం కూసింది. ఇంటావిడ పరుగెత్తుకొచ్చింది. అమ్మ గరిట పట్టుకుని నిలబడిపోయింది. చివరికి ఇంటావిడ ఆ పప్పు రుచి చూసి వెళ్ళింది, మేము వెళ్ళేదాకా రోజూ కిటికీలు తెరిచిపెట్టి తాలింపు వేశాం.

ఊరి ఎంపిక విషయంలో మోకాళ్ళే ముందు చూసుకోండి. మేర్స్‌బుర్గ్ చాలా అందమైన ఊరు, పాత కోట, ద్రాక్షతోటల మెట్లు, అంతా బాగుంటుంది. కాని అది కొండ మీద ఒక సగం, కింద ఒక సగం. పై ఊళ్ళో ఇల్లు తీసుకుంటే రోజూ దిగడం, ఎక్కడం. మోకాళ్ళకి ఎక్కడం కంటే దిగడమే నరకం. అక్కడికి ఒక సాయంత్రం వెళ్ళి కింది ఊళ్ళో కూర్చుని రండి. లిండావ్ ద్వీపం చదునుగానే ఉంటుంది కాని ఆగస్టులో జనం, ధరలు రెండూ ఎక్కువ. కోన్‌స్టాంజ్ ఊరు పెద్దది, రైలు ఉంది, కాని అక్కడ పట్నంలో ఉన్నట్టే ఉంటుంది. హాగ్నవ్, ఇమ్మెన్‌స్టాడ్, నోన్నెన్‌హార్న్ లాంటి చిన్న ఊళ్ళు మీకు సరిపోతాయి. హాగ్నవ్‌లో రైల్వే స్టేషన్ లేదు. స్టుట్‌గార్ట్ నుంచి ఉల్మ్ మీదుగా ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌కి రైల్లో వచ్చి అక్కడ బస్సెక్కాలి. లేదంటే కారు.

ఇక బోరు సంగతి. మా రోజు ఎలా గడిచేదో చెబుతాను, మీరే చూసుకోండి.

పొద్దున ఏడింటికి నాన్న బేకరీకి. భాష రాదు, వేలు చూపించి నాలుగు బ్రెడ్లు తెచ్చేవాడు, మూడోరోజుకి షాపామె ఆయన్ని చూడగానే నాలుగు సంచిలో వేసేది. ఎనిమిదికి కాఫీ, మా అమ్మ తెచ్చిన పొడితోనే. తొమ్మిదికి బెంచీ. ఆ బెంచీ మా నాన్న ఆఫీసు. తెల్ల ఓడలు వస్తాయి, హారన్ కొడతాయి, తాడు వేస్తారు, జనం దిగుతారు, తాడు తీస్తారు. అన్ని ఓడల టైములూ ఆయనకి కంఠస్థం. ఒకరోజు పొగగొట్టంతో, పక్కన చక్రాలతో ఒక పాత ఓడ వెళ్ళింది. హోహెన్‌ట్వీల్ అని, 1913లో కట్టిన ఆవిరి ఓడ, బాగుచేసి ఇప్పటికీ నడుపుతున్నారు. నాన్న లేచి నిలబడి చూశాడు.

మధ్యాహ్నాలు ఆకాశంలో జెప్పెలిన్ వచ్చేది. సిగారు ఆకారంలో పెద్ద గాలి ఓడ, తుమ్మెదలా మెల్లగా మోత చేసుకుంటూ. మొదటిరోజు ఏదో కంపెనీ ప్రకటన బెలూన్ అనుకున్నాడు నాన్న. లోపల మనుషులున్నారంటే నోరు తెరిచాడు. మొదటి జెప్పెలిన్ ఎగిరింది ఇక్కడే, 1900 జులైలో, ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ పక్కన నీళ్ళమీదినుంచి. ఇప్పుడు ఎక్కాలంటే మనిషికి కొన్ని వందల యూరోలు. బెంచీ మీదినుంచి చూడటం ఉచితం, అది చాలు.

అమ్మ కథ వేరు. ఊరి చివర ఆపిల్ తోటల పక్కన చిన్న బల్లలు ఉంటాయి. పళ్ళు తూకం వేసి సంచుల్లో పెట్టి ఉంటాయి, పక్కన డబ్బుల పెట్టె. అమ్మేవాళ్ళెవరూ ఉండరు. "ఎవరూ లేకుండా ఎలా అమ్ముతారు" అని అమ్మ నాలుగువైపులా చూసింది. చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి పెట్టెలో వేసింది. ఆగస్టులో అక్కడ నీలం రంగు ప్లమ్స్ వస్తాయి. పండనివి, పుల్లటివి తెచ్చి పచ్చిమిర్చి వేసి పచ్చడి చేసింది. ఒక చిన్న గిన్నెడు ఇంటావిడకి ఇచ్చింది. మర్నాడు ఆవిడ తోటలోని చిక్కుళ్ళు గుమ్మంలో పెట్టింది. ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి ఇటు వచ్చేది, ఏదో ఒకటి అటు పోయేది. ఇద్దరి మధ్య ఒక్క మాట కూడా కలవదు. అమ్మ తెలుగులో మాట్లాడేది, ఆవిడ తన జర్మన్‌లో. మధ్యలో నన్ను దుబాసీగా పిలిస్తే మాట ఆగిపోయేది, అందుకని నేను పోవడం మానేశాను.

ఒక్కసారి మాత్రం అనువాదం చేశాను. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, 1963 చలికాలంలో, సరస్సు మొత్తం గడ్డకట్టిందట. జనం ఒడ్డునుంచి ఒడ్డుకి నడిచి వెళ్ళారు. హాగ్నవ్ చర్చిలో ఉన్న సెయింట్ జాన్ విగ్రహాన్ని ఆ ఫిబ్రవరిలో మంచుమీద ఊరేగింపుగా ఎదుటి ఒడ్డున స్విట్జర్లాండ్‌లోని మ్యున్‌స్టర్‌లింగెన్‌కి తీసుకెళ్ళారు. అంతకుముందు 1830లో గడ్డకట్టినప్పుడు అది అక్కడినుంచి ఇక్కడికి వచ్చిందే. మళ్ళీ సరస్సు గడ్డకడితేనే వెనక్కి రావాలి. ఇప్పటిదాకా రాలేదు. అమ్మ ఇదంతా విని, "అంటే దేవుడు పొరుగూరు తిరునాళ్ళకి పోయి ఉండిపోయాడన్నమాట" అంది. ఆ మాటని జర్మన్‌లోకి తెచ్చేసరికి నాకు చెమట పట్టింది.

సాయంత్రాలు నీళ్ళు. ఆగస్టులో పైన నీరు 22, 23 డిగ్రీల దాకా వెచ్చబడుతుంది. ఒడ్డున ఇసుక తక్కువ, గులకరాళ్ళు ఎక్కువ. నీళ్ళలో వేసుకునే రబ్బరు చెప్పులు తెచ్చుకోండి, పెద్దవాళ్ళకి తప్పనిసరి. అమ్మ చీర కొంచెం ఎత్తి మోకాళ్ళ దాకా దిగి అరగంట నిలబడేది. నొప్పికి హాయిగా ఉందనేది. ఎవరైనా చూస్తారేమోనని మొదటిరోజు సిగ్గుపడింది. అక్కడ ఎవరి గొడవ వాళ్ళది, ఎవరూ తల తిప్పరు.

తిరుగుడు పూర్తిగా మానక్కర్లేదు. రోజు విడిచి రోజు ఒకటి పెట్టుకోండి, మధ్యాహ్నం మూడింటికల్లా ఇంటికి రండి. మా లెక్కలో మూడే ఉన్నాయి.

మైనావ్ ద్వీపం. 45 హెక్టార్ల పూలతోట. మేర్స్‌బుర్గ్ నుంచి ఓడలో వెళ్ళొచ్చు. లోపల ఎత్తుపల్లాలు ఉన్నాయి, మెల్లగా నడవాలి. అమ్మ అక్కడ మందారాలు, కాగితం పూలు, అరటిచెట్లు చూసి ఆగిపోయింది. "టికెట్ కొని అరటిచెట్టు చూపించావు" అని ఇప్పటికీ దెప్పుతుంది. కాని ఆ అరటిచెట్టు పక్కనే ఫోటో తీయించుకుంది, అదే హాల్లో ఫ్రేము కట్టి ఉంది. ఆగస్టు ఆఖరుకి వెళ్తే డేలియాలు మొదలవుతాయి.

లిండావ్ రేవు. ఒకవైపు దీపస్తంభం, ఇంకోవైపు రాతి సింహం, రెండూ 1856 నాటివి. ఓడలో వెళ్ళి ఆ రెండిటి మధ్యలోంచి లోపలికి రావడమే అందం. దీపస్తంభం ఎక్కొద్దు, మెట్లు ఎక్కువ.

మేర్స్‌బుర్గ్ నుంచి కోన్‌స్టాంజ్‌కి కార్లు మోసే ఫెర్రీ. పావుగంట ప్రయాణం, రాత్రీ పగలూ నడుస్తుంది. కోన్‌స్టాంజ్ రేవులో ఇంపీరియా అని తొమ్మిది మీటర్ల స్త్రీ విగ్రహం మెల్లగా తనచుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది. ఒక చేతిలో రాజు, ఇంకో చేతిలో పోప్, ఇద్దరూ బట్టల్లేని మరుగుజ్జులు. 1414 నుంచి 1418 దాకా అక్కడ జరిగిన క్రైస్తవ మహాసభ మీద వెటకారంగా 1993లో పెట్టారు. తల్లిదండ్రుల పక్కన నిలబడి దాని అర్థం వివరించే పని పెట్టుకోకండి. మా నాన్న అసలు దానివైపు చూడలేదు, అక్కడ నీటిమట్టం కొలుస్తారని తెలిసి దాని కోసం వెతికాడు.

ఇక జాగ్రత్తలు. ముందు నారింజ దీపాలు. ఒడ్డు వెంబడి స్తంభాలమీద ఉంటాయి. నిమిషానికి 40 సార్లు వెలిగి ఆరితే గట్టి గాలి రావచ్చని, 90 సార్లయితే తుఫాను అని. నాకది తెలియక అబ్బాయిని తీసుకుని పెడల్ బోటులో దూరం పోయాను. దీపం మెరుస్తుంటే ఏ అంబులెన్సో అనుకున్నాను. ఆకాశం నీలంగానే ఉంది. ఇరవై నిమిషాల్లో పడమటినుంచి నల్లగా వచ్చింది, అలలు బోటులోకి కొట్టాయి. ఎలాగో ఒడ్డు చేరాక బోటు అద్దెకిచ్చినాయన తిట్టిన తిట్లు నాకు సగమే అర్థమయ్యాయి, ఆ సగానికే తల దించుకున్నాను. ఆగస్టు సాయంత్రాల్లో ఇవి మామూలే. దీపం మెరిసిందంటే వెనక్కి రండి, ఆలోచించకండి.

ఫోను. ఒడ్డున కూర్చుంటే ఎదుటి స్విస్ టవర్ పట్టేస్తుంది. ఐరోపా సమాఖ్య (ఈయూ) దేశాల రోమింగ్ నియమం స్విట్జర్లాండ్‌కి వర్తించదు. నాకు ఒక సాయంత్రం వీడియో కాల్‌కి అరవై యూరోల పైన పడింది. రోమింగ్ ఆపేసి, నెట్‌వర్క్‌ని చేత్తో ఎంచుకోండి. స్విట్జర్లాండ్ వైపు దిగితే షెంగెన్ వీసా చెల్లుతుంది, కాని పాస్‌పోర్టులు వెంట ఉండాలి.

వెచ్చటి, లోతులేని నీళ్ళలో బాతులు ఎక్కువగా ఉన్నచోట దిగితే కొందరికి దురద దద్దుర్లు వస్తాయి. బాతుల్లో ఉండే సన్నటి పరాన్నజీవి పని, ప్రమాదం లేదు. బయటికి రాగానే తువ్వాలుతో గట్టిగా తుడుచుకుంటే చాలావరకు రావు. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, అది మీకు తెలిసిందే, శనివారమే కూరగాయలు కొనుక్కోండి. రైషెనావ్ ద్వీపం టమాటాలు, దోసకాయలు అన్నిచోట్లా దొరుకుతాయి, పులుసుకి బాగుంటాయి.

చేప తినేవాళ్ళయితే ఒక మాట. ఈ సరస్సు పేరు చెబితే ఫెల్షెన్ అనే చేప చెబుతారు. మేం 2018లో తిన్నాం, ఎముకలు తక్కువ, మెత్తగా ఉంటుంది, నాన్నకి కారం చాలలేదంతే. తర్వాత ఆ చేప బాగా తగ్గిపోయి 2024 నుంచి మూడేళ్ళు పట్టకుండా నిషేధం పెట్టారు. హోటళ్ళలో ఆ పేరుతో ఏదైనా పెడితే ఎక్కడినుంచి వచ్చిందో అడగండి.

తేదీలు మార్చుకునే వీలుంటే సెప్టెంబరు మధ్యకి జరపండి. అప్పటికి మీ రాష్ట్రం బాడెన్-వ్యుర్టెంబర్గ్‌లో స్కూలు సెలవులు అయిపోతాయి, నీళ్ళు ఇంకా చల్లారవు, ఆపిల్స్ కోత మొదలవుతుంది. ఆగస్టే అయితే ఇల్లు ఈ వారమే చూసుకోండి. ఊరి గెస్ట్ కార్డు గురించి ఇంటివాళ్ళని అడగండి, కొన్ని ఊళ్ళలో దానితో చుట్టుపక్కల బస్సులు, రైళ్ళు ఉచితం.

బోరు కొడుతుందా అని కదా అడిగారు. కోన్‌స్టాంజ్ దగ్గర నీటిమట్టం రోజూ ఇంటర్నెట్‌లో పెడతారు. ఇప్పటికీ ఆదివారం ఫోను చేస్తే నాన్న ఆరోగ్యం గురించి అడిగేలోపే "అక్కడ నీళ్ళెంతున్నాయి?" అంటాడు. నేను సెంటీమీటర్లలో చెబుతాను, ఆయన అడుగుల్లోకి మార్చుకుంటాడు. తర్వాత సాగర్ మట్టం ఆయన చెబుతాడు.